ఆఖరి పేజీలో నా కాలు

నేను జాకెట్లు కుడతాను. అమలాపురం దగ్గర ఓ పల్లెలో 26 ఏళ్ళుగా అదే పని. నా కొలతల పుస్తకంలో ముందు పేజీలన్నీ ఊళ్ళో ఆడవాళ్ళవి. ఆఖరి పేజీ నాది. అందులో ఛాతీ, నడుము, చెయ్యి ఉండవు. చీలమండ, పిక్క, తొడ ఉంటాయి. ఎడమ కాలికో గడి, కుడి కాలికో గడి.

2016 ఆగస్టులో విశాఖపట్నంలో నాకు ఆపరేషన్ అయింది. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్. గర్భసంచితో పాటు పొత్తికడుపులో లింఫు గ్రంథులు కూడా తీశారు. ఒక గ్రంథిలో క్యాన్సర్ కణాలు కనపడ్డాయన్నారు. అందుకని 25 రోజులు రేడియేషన్, వారానికో కీమో. ఆరోగ్యశ్రీ కార్డు మీదే అంతా జరిగింది. నవంబరులో ఇంటికొచ్చాను.

ఊళ్ళో మాత్రం గర్భసంచి తీయించుకున్నానని చెప్పాం. మా వైపు అది వింత కాదు. వీధికి ఇద్దరు ముగ్గురికి ఆ ఆపరేషన్ అయి ఉంటుంది. ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. మా ఆయనకీ, మా ఆడపడుచుకీ తప్ప అసలు సంగతి ఎవరికీ తెలీదు. మా అమ్మాయి అప్పుడు కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికీ చెప్పలేదు. రెండు మూడేళ్ళలో సంబంధాలు చూడాలి. తల్లికి ఆ జబ్బు, అదీ ఆ చోట అంటే వచ్చే సంబంధం గుమ్మంలోనే ఆగిపోతుందని భయపడ్డాను. ఈ అబద్ధం సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత పడ్డ బాధల్లో సగం దాని వల్ల పడ్డవే.

2018 వేసవి. పెళ్ళిళ్ళ రోజులు. పొద్దున్న కూర్చుంటే రాత్రి దాకా మిషను తొక్కేదాన్ని. సాయంత్రానికి కుడి చీలమండ ఉబ్బేది. పడుకుని లేస్తే తగ్గేది. కొన్నాళ్ళకి పొద్దున్న తగ్గడం మానేసింది. చెప్పు పట్టీ గుర్తు పాదం మీద పడితే గంటయినా పోయేది కాదు. వేలితో నొక్కితే గుంట పడేది. వానాకాలం వచ్చేసరికి వాపు పిక్క దాకా ఎక్కింది.

మా ప్రాంతంలో కాలు వాస్తే అందరి నోటా ఒకటే మాట. బోదకాలు. తాతల నాటి నుంచీ ఉన్న జబ్బు. దోమ కుట్టడం వల్ల ఫైలేరియా పురుగు ఒంట్లోకి చేరి వస్తుంది. దానికోసం ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించి వెళ్ళేవారు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుగారు నా కాలు చూసి అదే అన్నారు. 12 రోజులు హెట్రజాన్ మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు. మళ్ళీ 12 రోజులు ఇచ్చారు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయని, రాత్రి 10 దాటాక రక్తం తీయించారు. ఏమీ కనపడలేదు. "కాలు ఇంత వాచాక చాలామందికి రక్తంలో దొరకవులెండమ్మా" అన్నారు. అదీ నిజమేనని తర్వాత తెలిసింది.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. కడుపు ఆపరేషన్ ఏమన్నా అయిందా అని నన్ను అడిగారు. గర్భసంచి తీశారన్నాను. గ్రంథులు తీసిన సంగతి గానీ, రేడియేషన్ సంగతి గానీ చెప్పలేదు. విశాఖ వాళ్ళిచ్చిన కాయితం బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అన్నీ అందులో రాసే ఉన్నాయి. ఆ కాయితం ఆయన ముందు పెట్టి ఉంటే మూడేళ్ళు కలిసొచ్చేవి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బోదకాలు అన్న పేరు నాకు చాటుగా పనికొచ్చింది. ఆ జబ్బుకి సిగ్గు లేదని కాదు, ఉంది. క్యాన్సరుతో పోలిస్తే తక్కువ. అడిగినవాళ్ళకి నేనే "బోదకాలండీ" అనేదాన్ని.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. వరసకి మావయ్యగారు. ఆయనకి ముప్పై ఏళ్ళుగా రెండు కాళ్ళకీ నిజంగానే బోదకాలు. ఓ రోజు ప్లాస్టిక్ టబ్బు, మగ్గు, సబ్బు పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఫైలేరియా క్లినిక్కులో ఆయనకిచ్చినవి. "నాకు రెండోది ఇచ్చార్లే, ఇది నువ్వుంచు" అని, అరుగు మీద కూర్చుని కాలు ఎలా కడుక్కోవాలో నేర్పారు. మోకాలి నుంచి కిందికి సబ్బు రుద్దాలి. గట్టిగా తోమకూడదు. వేళ్ళ సందుల్లో గుడ్డ ముక్క పెట్టి తడి లేకుండా అద్దాలి. సందుల్లో పాచిపోతే అక్కణ్ణించే జ్వరం మొదలవుతుంది. రాత్రి కాలి కింద దిండు పెట్టుకోవాలి. నేను తల ఊపుతూ విన్నాను. ఆయన జబ్బు పేరు నేను దొంగిలించి వాడుకుంటున్నానని ఆయనకి తెలీదు. తర్వాత హైదరాబాదులో ఫిజియోథెరపిస్టు గారు నాకు నేర్పినదీ ఇదే, ఒక్క ముక్క తేడా లేదు.

2019 అక్టోబరులో మొదటి జ్వరం. మధ్యాహ్నం కాజాలు కుడుతుంటే చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. కుడి గజ్జలో పోటు. రాత్రికి పిక్క ఎర్రబడి వేడెక్కింది. ఎరుపు అంచు కళ్ళ ముందే పైకి పాకింది. ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పడ్డాయి. దాన్ని సెల్యులైటిస్ అంటారు. తగ్గిందనుకునేలోపు 2020లో మూడుసార్లు వచ్చింది, ఒకటి లాక్‌డౌన్‌లో. ఆ రాత్రి మా ఆయన మోటారు సైకిల్ మీద నన్ను తన ఒంటికి తువ్వాలుతో కట్టుకుని అమలాపురం తీసుకెళ్ళారు. జ్వరం వచ్చి వెళ్ళిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావయ్యేది, ఇంకాస్త గట్టిపడేది. నొక్కితే గుంట పడటం కూడా పోయింది.

2021 ఫిబ్రవరిలో అమ్మాయి పెళ్ళయింది. పీటల మీద కాలు మడిచి కూర్చోలేకపోయాను. చీర కుచ్చిళ్ళు కింద దాకా జార్చి కట్టుకున్నాను. పెళ్ళి ఫోటోల్లో నా పాదాలు ఎక్కడా లేవు.

ఆ డిసెంబరులో అమ్మాయి, అల్లుడు వచ్చి నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళారు. రాజమండ్రిలో రైలెక్కాం. కింది బెర్తు అమ్మాయిది. నాకిచ్చి అది పైకెక్కింది.

డాక్టరుగారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన కాలు తట్టి చూశారు. రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పట్టి లేపబోయారు. లేవలేదు. లింఫు నీరు నిలబడితే అలా లేవదట. "పొట్టలో ఆపరేషన్ ఏమన్నా అయిందామ్మా?" అన్నారు. గర్భసంచి అన్నాను. "ఎందుకు తీశారు?"

నేను మాట్లాడలేదు. అల్లుడు లేచి "నేను బయట ఉంటానత్తయ్యా" అన్నాడు. అప్పటికే అమ్మాయి నా వంక చూస్తోంది. ఇంక దాచి లాభం లేదనిపించింది. కూర్చో బాబూ అని, డాక్టరుగారి బల్ల వైపు చూస్తూ చెప్పేశాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మాయి ఏడవలేదు. "ఐదేళ్ళమ్మా" అంది. అంతే అంది.

డాక్టరుగారు కోప్పడలేదు గానీ ముఖం మారింది. అలాంటి ఆపరేషన్ అయినవాళ్ళకి కాలు వాస్తే మొదట చూడాల్సింది జబ్బు తిరగబెట్టిందా అని. రక్తనాళంలో గడ్డ కట్టిందేమో కూడా చూడాలి. ఆ రోజే డాప్లర్ తీశారు. గడ్డ లేదు. సీటీ స్కాన్ రిపోర్టుకి మూడు రోజులన్నారు.

ఆ మూడు రోజులు నేను నిద్రపోలేదు. కొలతల పుస్తకం వెంట తెచ్చుకున్నాను, అలవాటు కొద్దీ. అందులో ఒక పేజీలో ఎవరి గుడ్డ ఎవరికి తిరిగివ్వాలో రాశాను. 12 జాకెట్లు కుట్టాల్సినవి ఉన్నాయి. ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నానో పక్కనే వేశాను. నాలుగో రోజు రిపోర్టొచ్చింది. జబ్బు తిరగబెట్టలేదు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

అప్పుడు చెప్పారు, ఇది లింఫెడిమా అని. కాలిలో రక్తం కాక లింఫు అనే పలచటి నీరు సన్న గొట్టాల్లో పైకి నడుస్తుంటుంది. గజ్జల్లో, పొత్తికడుపులో గ్రంథుల మీదుగా పోయి చివరికి రక్తంలో కలుస్తుంది. నాకు ఆ గ్రంథులు తీసేశారు. మిగిలిన దారిని రేడియేషన్ బిగించేసింది. ఇది ఆపరేషన్ అయిన వెంటనే రావచ్చు, ఏళ్ళ తర్వాతా రావచ్చు. ఫోనులో మా ఆయనకి చెబితే ఆయన రైతు కనక చటుక్కున పట్టేశారు. "మన మురుగు కాలువ పూడితే చేలు మునుగుతాయి చూడు, అదే కదా" అన్నారు.

2022 జనవరిలో లింఫు దారి చూసే మొదటి పరీక్ష. లింఫోసింటిగ్రఫీ. రెండు కాళ్ళకీ వేళ్ళ సందుల్లో సన్న సూదితో మందు ఎక్కించారు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన మందు. సూది సన్నదే కానీ ఆ చోట కందిరీగ కుట్టినట్టు మండుతుంది. ఎవరైనా చేయించుకోబోతుంటే ఇది తెలిసి ఉండటం మంచిది, కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. తర్వాత పెద్ద కెమెరా కింద పడుకోబెట్టారు. కాసేపు ఫోటోలు, లేచి నడిచి రమ్మన్నారు, మళ్ళీ ఫోటోలు. మందు శక్తి ఆరు గంటలకి సగానికి పడిపోతుంది. ఆ రోజుకి చిన్నపిల్లల్నీ, గర్భిణుల్నీ దగ్గరికి రానివ్వద్దన్నారు.

ఎడమ కాల్లో మందు గంటలోపే గజ్జ చేరింది. కుడి కాల్లో రెండు గంటలైనా గజ్జ దగ్గర చుక్క కనపడలేదు. పిక్కలో మసిలా పరుచుకుంది. దారి దొరక్క చర్మంలోకే వెనక్కి మళ్ళిందన్నారు. జబ్బు ఏమిటో ఈ పరీక్ష తేల్చింది. కత్తి ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పలేదు. బొమ్మ అంత మసగ్గా ఉంటుంది.

లింఫు గొట్టాన్ని పక్క సిరకి కలిపే ఆపరేషన్ చేద్దామన్నారు. దానికి ముందు ఆరు వారాలు కట్లు కట్టాలన్నారు. ముందుగా బనియను గుడ్డ లాంటి గొట్టం. దాని మీద దూది పొర. ఆ పైన ఎక్కువ సాగని రకం పట్టీలు మూడు. కాలివేళ్ళకి విడివిడిగా. పాదం దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. మొదటి వారం ఆసుపత్రిలో కట్టారు. తర్వాత ఇంట్లో కట్టుకోవాలి. నాకు వంగి కట్టుకోవడం రాలేదు. అమ్మాయికి ఏడో నెల. అది వంగలేదు.

అల్లుడు నేర్చుకున్నాడు. రోజూ రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు నేల మీద కూర్చుని నా పాదం తన తొడ మీద పెట్టుకుని కట్టేవాడు. మా ఇళ్ళల్లో అల్లుడి కాళ్ళు అత్తమామలు కడుగుతారు. మొదటి రోజు నేను ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. వద్దు బాబూ, నర్సుని పెట్టుకుందాం అన్నాను. "మా అమ్మకైతే కట్టనా?" అన్నాడు. 35 రోజులు కట్టాడు. ఒక్క రోజు మానలేదు. ఏ సంబంధం తప్పిపోతుందని నేను ఐదేళ్ళు నోరు మూసుకున్నానో ఆ సంబంధం ఇది.

పిక్క 46 సెంటీమీటర్ల నుంచి 41న్నరకి దిగింది. ఎడమ పిక్క 36. మేం అంగుళాల్లో కొలుస్తాం. ఆసుపత్రి లెక్క కోసం టేపుని రెండో వైపుకి తిప్పుకున్నాను.

మార్చి రెండో వారం. ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం ఐసీజీ పరీక్ష. ఇండోసయనిన్ గ్రీన్ అన్నది పూర్తి పేరు. ఆకుపచ్చ రంగు మందు. అందులో అయోడిన్ ఉంటుంది కనక అయోడిన్ పడదా అని రెండుసార్లు అడిగారు. మళ్ళీ వేళ్ళ సందుల్లోనే సూదులు, ఒక్కో చోట చుక్కంత. గది దీపాలు ఆపేశారు. నా కాలి మీదికి ఒక కెమెరా తిప్పారు. ఆ కెమెరా వేసే వెలుతురు కంటికి కనపడదు, ఇన్‌ఫ్రారెడ్. ఆ వెలుగులో ఈ రంగు మెరుస్తుందట. ఆ మెరుపూ ఉత్త కంటికి కనపడదు, తెర మీదే కనపడుతుంది.

తెర నల్లగా ఉంది. పాదం మీద తెల్లటి దారాలు రెండు లేచాయి. మెల్లగా చీలమండ దాటాయి. కాలిని చేత్తో కింది నుంచి పైకి నిమురుతుంటే అవి సాగుతున్నాయి. చీలమండ పక్క నుంచి మూడో దారం వచ్చి కలిసింది. పిక్క సగం దాకా వచ్చాక ఆ గీతలు చెదిరిపోయాయి. నీళ్ళు చిలకరించినట్టు చుక్కలు. మోకాలి దగ్గరకొచ్చేసరికి చుక్కలన్నీ కలిసిపోయి పాలమీగడలా తెల్లగా నిండిపోయింది. అక్కడ ఇక గీతలు లేవు.

నా ఒంట్లో ఉన్నవే. 49 ఏళ్ళు నాకు తెలీకుండా పని చేసినవి. చీకట్లో ఎవరికీ కనపడదని ఏడ్చాను. డాక్టరుగారు ఏమీ అనకుండా పెన్ను తీసి, తెర చూస్తూ నా చర్మం మీద గీతలు పెట్టడం మొదలుపెట్టారు. గీత మిగిలున్న చోట మాత్రమే ఆపరేషన్ పనికొస్తుంది. ఈ కెమెరా చర్మం కింద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోతు వరకే చూడగలదు, కాబట్టి లావు తొడలో లోతుగా ఉన్నవి దొరకవు. తర్వాత అల్ట్రాసౌండుతో ప్రతి గీత పక్కనే సన్న సిర ఎక్కడుందో వెతికి దాన్ని వేరే రంగు పెన్నుతో గీశారు. రెండు గీతలూ దగ్గరకొచ్చిన చోట ఇంటూ గుర్తు.

సుద్ద గీత పెట్టకుండా గుడ్డ మీద కత్తెర పెట్టవద్దని నాకు పని నేర్పిన అక్క చెప్పేది. ఆ గీతలు చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఈయనెవరో పని తెలిసినాయన అనుకున్నాను.

చిన్న డాక్టరమ్మ ఒకావిడ గీతల ఫోటోలు తీస్తూ మాట్లాడింది. రంగు పెట్టి లింఫు గొట్టాల్ని పట్టుకోవడం పాత విద్యేనట. 1952లో లండన్‌లో కిన్‌మంత్ అనే సర్జన్ పాదంలోకి నీలం రంగు ఎక్కించి, కోత పెట్టి, నీలంగా మారిన గొట్టాన్ని వెతికి, అందులోకి సూది దూర్చి ఎక్స్‌రేలో కనపడే మందు పంపేవాడట. గొట్టం చూడటానికే ఒక ఆపరేషన్ అన్నమాట. ఇంత సన్న గొట్టాల్ని కలిపి కుట్టే విద్యని జపాన్‌లో కోషిమా అనే డాక్టరు ముందుకు తీసుకెళ్ళాడని చెప్పింది. ఆ రెండు పేర్లూ పుస్తకంలో రాసుకున్నాను. నిద్ర ఎలాగూ పట్టదు.

నా పక్క మంచం ఆవిడది నల్గొండ వైపు. ఆవిడకీ అదే రోజు పరీక్ష చేశారు. ఆవిడ కాల్లో ఒక్క గీతా రాలేదు. పాదం నుంచే అంతా తెల్లటి మసక. ఈ ఆపరేషన్ వల్ల లాభం లేదు, ఇంకో చోటి నుంచి గ్రంథులు తెచ్చి అతికే పద్ధతి ఆలోచించాలి అన్నారు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు మూడు గీతలు వచ్చాయి. సంతోషించాను. ఆ సంతోషం ఆవిడకి కనపడకుండా ఉండాలని నేనూ అటు తిరిగి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న 8 గంటలకి థియేటర్. పూర్తి మత్తు ఇవ్వలేదు. కోసే చోట్ల మాత్రం మత్తు సూదులు. మెలకువగానే ఉన్నాను. కాలు కదపకూడదు. సూక్ష్మదర్శిని కింద చిన్న కదలికా భూకంపంలా కనపడుతుందన్నారు. మూత్రానికి గొట్టం పెట్టారు.

ఒక్కో కోత అంగుళం. కోత పెట్టేముందు దానికి కొంచెం కింద నీలం రంగు ఎక్కించారు. ఐసీజీ గీత చర్మం మీద దారి చూపిస్తుంది. లోపల కొవ్వు మధ్య ఏది లింఫు గొట్టం, ఏది నరం, ఏది సిర అని తేల్చడానికి ఈ నీలం. అరుదుగా ఈ నీలం రంగు పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి బీపీ పడిపోవచ్చు. అది కూడా ముందే చెప్పారు. సూది గుచ్చాక మత్తు డాక్టరుగారు నా బీపీ వంక చూస్తూ నిలబడ్డారు. నేనూ చూస్తూ ఉన్నాను. నా గుండె చప్పుడు ఆ మిషనులో వినపడుతోంది. అది జోరందుకుంటుంటే నా భయం అందరికీ తెలిసిపోతోందని ఇంకా సిగ్గేసింది.

గొట్టం దొరికింది. అర మిల్లీమీటరు. పక్కనున్న సిర కూడా అంతే. ఆ రెండింటి మూతులు కలిపి కుట్టాలి. మా ఆయన భాషలో పూడిన మురుగు కాలువకి పక్క కాలువలోకి గండి కొట్టడం. దారం 11 సున్నాల నంబరుది, తల వెంట్రుక కంటే సన్నం. నేను పట్టుకి వాడే సూది వాళ్ళ సూది పక్కన గునపం.

మొదటిది గంటకి పైగా పట్టింది. కుట్టు పూర్తయ్యాక క్లిప్పు వదిలారు. ఎవరో "రక్తం వెనక్కొస్తోంది" అన్నారు. సిరలో రక్తం పైకి పోవాలి. దాని లోపలి కవాటం సరిగా లేకపోతే రక్తం తిరిగి లింఫు గొట్టంలోకి దిగి గడ్డకట్టి మూసేస్తుంది. డాక్టరుగారు ఆ కుట్టు విప్పేశారు. ఇంకో సిర వెతికారు. ఆ వెతికినంతసేపూ నేను ఊపిరి సరిగా తీసుకోలేదు. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి పారిపోవాలనిపించింది. "నన్ను నిద్రపుచ్చెయ్యండి" అని గట్టిగా అన్నాను. మలయాళీ సిస్టరు ఒకామె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, లెక్క పెట్టండి, నేనూ పెడతా" అంది. ఆమెకి తెలుగు అంకెలు ఇరవై దాకానే వచ్చు. ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి. ఎన్నిసార్లు పెట్టామో తెలీదు.

రెండోసారి క్లిప్పు వదిలాక డాక్టరుగారు "ఇటు చూడండమ్మా" అని తెర నా వైపు తిప్పించారు. ఎర్రటి సిర. అందులోకి కింది నుంచి నీలిగా పలచటి నీరు దూరింది. రక్తాన్ని ముందుకు తోసుకుంటూ పోయింది. సిర ఎరుపు పోయి తేటగా అయింది. ఐసీజీ కెమెరా పెట్టి మళ్ళీ చూశారు. మెరుపు కుట్టు దాటి సిరలోకి పోయింది. పని చేస్తోందనడానికి అదే రుజువు.

మధ్యాహ్నం రెండున్నరకి అయింది. మూడు కోతలు, నాలుగు అతుకులు. తొడ మీద ఏమీ చెయ్యలేదు.

మర్నాడు మూత్రం సంచి చూసి అరిచాను. ఆకుపచ్చ. ఆ నీలం రంగు అలా పోతుందని ముందు రోజు చెప్పారు, కాయితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆ క్షణాన ఏదీ గుర్తు రాలేదు. ఇది చదివేవాళ్ళకి చెబుతున్నాను, ఒకటి రెండు రోజులు అలా వస్తుంది, పోతుంది.

ఐదు రోజులు కాలు ఎత్తి పెట్టి పడుకున్నాను. స్నానం, జడ, బట్టలు, అన్నీ మా ఆడపడుచు చూసింది. ఊరి నుంచి వచ్చేటప్పుడు తన చీటీ డబ్బు 60 వేలు తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టింది. ఖర్చు మొత్తం రెండు లక్షల 80 వేలు అయింది. నా గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

నెల రోజులు మిషను తొక్కలేదు. మా ఆయన ఈలోగా మిషనుకి మోటారు బిగించారు. ఇప్పుడు ఎడమ కాలితో నొక్కుతాను. మొదట్లో కుట్టు వంకర పోయేది. రెండు జాకెట్లు పాడుచేసి గుడ్డ కొనిచ్చాను.

ఏడాదికి పిక్క 39కి దిగింది. తొడ పెద్దగా తగ్గలేదు. సంవత్సరానికి మూడు నాలుగుసార్లు వచ్చే జ్వరం తర్వాతి రెండేళ్ళలో ఒక్కసారే వచ్చింది. నాకు అదే పెద్ద లాభం. వాపు పెరగకుండా కాలికి వేసే బిగువు మేజోడు మాత్రం మానడానికి లేదు. పొద్దున్న లేవగానే తొడుక్కోవాలి, రాత్రి పడుకునేదాకా. మే నెలలో కోనసీమ ఉక్కలో ఆ మేజోడు వేసుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఈ ఆపరేషన్‌తో కాలు మామూలు అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు మా డాక్టరుగారు ముందే ఆ మాట చెప్పారు. ఇంకా ముందు వచ్చి ఉంటే ఎక్కువ గీతలు మిగిలుండేవని కూడా చెప్పారు. గొట్టాలు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి మూసుకుపోతాయి. నా మూడేళ్ళు ఎటు పోయాయో నాకు తెలుసు.

ఊరికొచ్చిన నెలకి మావయ్యగారి అరుగు మీద కూర్చుని నిజం చెప్పాను. ఆయన చాలాసేపు తన కాళ్ళ వంక చూసుకున్నారు. "టబ్బు వాడుతున్నావా?" అన్నారు. వాడుతున్నానన్నాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చీలమండ పైన నీలం చుక్క ఒకటి చాలా నెలలు ఉండిపోయింది. కొలతలకి వచ్చినవాళ్ళు పచ్చబొట్టా అని అడిగేవారు. కాదని చెప్పి, ఏమిటో చెప్పేదాన్ని. కొందరు తర్వాత నా దగ్గర కుట్టించుకోవడం మానేశారు. అందుకే మానేశారో, మోటారు మిషను కుట్టు నచ్చకో తెలీదు.

ప్రతి ఆదివారం పొద్దున్న మంచం దిగకముందే కొలుస్తాను. మోకాలి చిప్ప కింద నుంచి పది సెంటీమీటర్లు, ఎప్పుడూ ఒకే చోట. కిందటి ఆదివారం 39. ఇవాళ 39న్నర. టేపు తీసి మళ్ళీ పెట్టి చూశాను. 39న్నరే. వారమంతా దసరా జాకెట్లతో కుర్చీ దిగలేదు. చర్మం వేడిగా లేదు, ఎరుపు లేదు. ఆఖరి పేజీలో రాశాను. అటక మీది నుంచి పట్టీల సంచి దింపమని మా ఆయనకి చెప్పాను.